ఖాళీ ఫైలు ముందు ఆగిపోయిన అభ్యర్థి: ఒక కోడింగ్ బూట్‌క్యాంప్ కేస్ స్టడీ

నేను కొన్నేళ్లుగా ఒక కోడింగ్ బూట్‌క్యాంప్‌లో మెంటర్‌గా పనిచేస్తున్నాను. వేరే వృత్తిలో ఉండి సాఫ్ట్‌వేర్ డెవలపర్లుగా మారాలనుకునేవారు మా దగ్గర చేరతారు. వారిలో ఎవరైనా వెనకబడితే మేము సాధారణంగా చెప్పుకునే కారణాలు రెండే: సాధన చాలలేదంటాం, లేదా పరీక్షంటే భయపడ్డారంటాం. ఈ కేసులో ఆ రెండూ కారణాలు కావని తేల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ అభ్యర్థి జీవితంలోంచి పోయినవి కాబట్టి, ఏ దశలో నేనేమనుకున్నానో, ఎందుకలా అనుకున్నానో దాచకుండా రాయడం నా బాధ్యతగా భావిస్తున్నాను. అభ్యర్థి ఈ రచనను ముందుగా చదివి అనుమతి ఇచ్చారు. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, పూర్వవృత్తి వివరాలు, కొన్ని వారాల లెక్కలు మార్చాను.

నేపథ్యం

అభ్యర్థికి 30 ఏళ్లు దాటాయి. ఎనిమిదేళ్లపాటు ఒక గిడ్డంగిలో సరుకు లెక్కలు చూశారు. పుస్తకంలో ఉన్న నిల్వకూ, అరల్లో చేత్తో లెక్కపెట్టిన నిల్వకూ తేడా వచ్చినప్పుడు, ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకోవడం ఆమె పని. ప్రవేశ సంభాషణలో ఈ సంగతి చెప్పినప్పుడు నేను దాన్ని దరఖాస్తులోని ఒక వివరంగా రాసుకుని ముందుకు వెళ్లిపోయాను. కంప్యూటర్ సైన్సు చదవలేదు, ప్రోగ్రామింగ్ అనుభవం లేదు, ఉద్యోగం మానేసి పూర్తికాలం చేరుతున్నారు, దాచుకున్న డబ్బు కొన్ని నెలలకు సరిపోతుంది అన్న నాలుగు విషయాలే అప్పుడు నాకు ముఖ్యంగా కనిపించాయి.

బూట్‌క్యాంప్ అనే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులోని చిక్కు కొంతవరకు దాని అమరికలోనే ఉంది. 2011, 2012 ప్రాంతంలో ఈ తరహా శిక్షణ రూపుదిద్దుకుంది. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డెవ్ బూట్‌క్యాంప్ 2017లో మూతపడినా, కొద్ది నెలల పూర్తికాల శిక్షణ, మొదటి రోజు నుంచే కోడ్ రాయించడం, వారం వారం అప్పగింతలు, చివర్లో బృంద ప్రాజెక్టు అనే మూస అలాగే నిలిచింది. మా 14 వారాల పాఠ్యక్రమం కూడా ఆ మూసలోదే. మొదటి ఆరు వారాలు వెబ్ పేజీలు కట్టే హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్. తర్వాత మూడు వారాలు సర్వర్ వైపు జావాస్క్రిప్ట్ నడిపే నోడ్, డేటా దాచే పోస్ట్‌గ్రెస్. ఆపై రెండు వారాలు, తెరమీది పేజీలను కట్టే రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ సాధనం. చివరి మూడు వారాలు ప్రాజెక్టు. ఈ వేగంలో ఒక వారం పాఠం మీదే తర్వాతి వారం పాఠం నిలబడుతుంది. అభ్యర్థి ఎంతవరకు అర్థం చేసుకున్నారో తెలుసుకోవడానికి అప్పట్లో మా దగ్గర ఉన్న ఒకే ఒక్క కొలత, అసైన్‌మెంట్ పూర్తయిందా లేదా అన్నది.

ఆమె అసైన్‌మెంట్లు మొదటి నాలుగు వారాల్లో ఒక్కటీ ఆలస్యం కాలేదు. అన్నీ పనిచేశాయి.

వచ్చిన సమస్య

ఐదో వారం చివర మొదటి పరీక్ష ఉంటుంది. ఖాళీ ఫైలు ఇస్తాం, 90 నిమిషాల సమయం ఇస్తాం. ఆ రోజు ప్రశ్న కష్టమైనదేమీ కాదు: కొన్ని ఆర్డర్ల జాబితా ఇచ్చి, ఒక్కో కొనుగోలుదారు మొత్తం ఎంత ఖర్చుపెట్టారో లెక్కగట్టే ఫంక్షన్ (ఒక పని చేసే చిన్న కోడ్ భాగం) రాయమన్నాం. ఆమె ఫంక్షన్ పేరు రాశారు, చెరిపేశారు, మళ్లీ రాశారు. సమయం ముగిసేసరికి ఫైలులో నాలుగు వరుసలున్నాయి, వాటిలో ఏదీ ప్రశ్నను ముట్టుకోలేదు. రెండు వారాల ముందు ఇంతకంటే కఠినమైన అసైన్‌మెంట్‌ను ఆమే పూర్తి చేశారు.

ఇలాంటి చోట మెంటర్‌కు మొదట వచ్చే అనుమానం ఒకటుంది, అది నాకూ వచ్చింది: అసైన్‌మెంట్లు ఎవరి దగ్గరో తీసుకున్నారేమో అని. ఆమెను అడగడానికి ముందు ఆమె గిట్ చరిత్ర చూశాను; కోడ్‌లో చేసిన మార్పులను గిట్ అనే సాధనం కమిట్లుగా, అంటే ఒక్కో నమోదుగా, దాచి ఉంచుతుంది. నకలు తెచ్చిన పని సాధారణంగా ఒకటి రెండు పెద్ద కమిట్లుగా కనిపిస్తుంది. ఆమెవి చిన్న చిన్న కమిట్లు. ఒకటి తప్పు, దాన్ని సరిదిద్దిన మరొకటి, రాత్రి పొద్దుపోయేదాకా అలా సాగినవి. పని ఆమెదే. అడగకముందే చూడడం మంచిదైంది. ఆ అనుమానాన్ని మాటల్లో పెట్టి ఉంటే తర్వాత ఆమె తనకు అర్థం కానిది నాతో చెప్పుకునేవారు కాదు.

అయితే ఆ సాక్ష్యం నుంచి నేను తీసిన నిర్ణయం తప్పు. పని ఆమెదే కాబట్టి ఆమెకు అర్థమైందనీ, అర్థమైంది కాబట్టి పరీక్షలో చేయి ఆడకపోవడానికి కారణం భయమేననీ అనుకున్నాను. మొదటి మాటకు ఆధారముంది. రెండో మాటను నేనే కలుపుకున్నాను.

చేసిన ప్రయత్నాలు, విఫలమైనవి

భయమే కారణమనుకున్నాను కాబట్టి గడియారం తీసేశాను. ఆరో వారంలో మూడుసార్లు, సమయ పరిమితి లేకుండా, మార్కులు లేకుండా, ఒంటరిగా కూర్చుని అదే స్థాయి ప్రశ్నలు చేయమన్నాను. ఫలితం మారలేదు. భయం కారణమైతే కనీసం కొంతైనా మెరుగు కనబడాలి కాబట్టి ఆ ఊహను అక్కడితో వదిలేశాను. ఈ ఒక్క అడుగు మాత్రం సరిగా వేశానని ఇప్పటికీ అనుకుంటున్నాను. వదలకుండా ఉంటే ఆమెకు ధైర్యం చెబుతూ మరో నెల గడిపేవాడిని.

తర్వాత సాధన చాలలేదన్న ఊహకు వచ్చాను. 40 లెక్కలు ఎంచి ఇచ్చాను. ఆమె రోజుకు తొమ్మిది గంటల పనిని 13 గంటలకు పెంచారు. 40 లెక్కలూ చేశారు. వారం చివర ఖాళీ ఫైలు ఇస్తే మళ్లీ అదే స్థితి, పైగా కళ్ల కింద నిద్రలేమి. ఆమె ఆ లెక్కలను ఎలా చేశారో అప్పుడు నేను అడగలేదు. తర్వాత తెలిసింది: ప్రతి లెక్కకూ దాన్ని పోలిన ఒక పరిష్కారాన్ని వీడియోలోనో పాత అసైన్‌మెంట్‌లోనో చూసి, దానిలో పేర్లూ గుర్తులూ మార్చుకుంటూ, ఎర్రర్ పోయేదాకా నడిపేవారు. ఎడిటర్‌లో కోడ్‌ను తనంతట తానే పూర్తి చేసే సూచనల సాధనం మిగిలిన ఖాళీలు నింపేది. అలా చేసిన 40 లెక్కల్లో ఆమె సాధన చేసింది పోలికలు వెతకడం. ప్రోగ్రామ్ రాయడాన్ని వాటిలో ఏ ఒక్కటీ కోరలేదు.

ఇక్కడ ఒక పరిశోధన గురించి ప్రస్తావించాలి. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న వ్యాసాలిచ్చి, కొందరిచేత వాటిని మళ్లీ మళ్లీ చదివించారు, మరికొందరిచేత చూడకుండా గుర్తుచేసుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి. వారం తర్వాత పరీక్షిస్తే రాసినవారిది పైచేయి. మళ్లీ చదివినవారికే తమకు బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువగా ఉండడం ఆ ప్రయోగంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంశం. పరిష్కారం చూసినప్పుడల్లా ఆమెకు కలిగిన "అర్థమైంది" అన్న భావన నిజాయితీగలదే. ఆ భావన మీద నేనూ ఆధారపడ్డాను, ఎందుకంటే ప్రతి పాఠం తర్వాత అర్థమైందా అని అడిగేవాడిని, ఆమె అయిందనేవారు.

మూడో ప్రయత్నం జంటగా పని చేయించడం. బ్యాచ్‌లో చురుకైన ఒక అభ్యర్థితో కూర్చోబెట్టాను. జంట ప్రోగ్రామింగ్‌లో ఒకరు టైపు చేస్తారు, మరొకరు దారి చూపుతారు. గంటకోసారి స్థానాలు మారాలన్నది నియమం. వారు నియమం పాటించారు. కానీ ఆమె టైపు చేస్తున్నప్పుడు జంటలోని అవతలి వ్యక్తి ఒక్కో గుర్తూ చెప్పేవారు, స్థానం మారినప్పుడు ఆమె మౌనంగా చూసేవారు. ఎనిమిదో వారంలో వారి నోడ్ ప్రాజెక్టు అందరికంటే ముందు పూర్తయింది. ఆ పూర్తయిన ప్రాజెక్టు ఆమె సమస్యను మరికొన్ని రోజులపాటు నాకు కనబడకుండా చేసింది. విఫలమైన ప్రయత్నాలన్నింటిలోనూ ఎక్కువ హాని చేసింది ఇదేనని నా అభిప్రాయం. మొదటి రెండూ కనీసం విఫలమైనట్టు కనిపించాయి.

నలభై నిమిషాల మౌనం

ఎనిమిదో వారం చివర, ఇక ఏం చేయాలో తోచక, ముందే చేయాల్సిన పని చేశాను. ఆమె పక్కన కూర్చుని, ఒక చిన్న లెక్క ఇచ్చి, 40 నిమిషాలు ఒక్క మాటా మాట్లాడకుండా చూశాను. సహాయం చేయాలన్న తొందరను అణచుకోవడం అంత సులువుగా ఏమీ జరగలేదు. చూసినవి ఒక కాగితం మీద రాసుకున్నాను.

ఒక వరుస మారిస్తే చాలు, ఆమె ప్రోగ్రామ్‌ను నడిపేవారు. ఎర్రర్ వస్తే చదవకుండానే దాన్ని మూసి ఎడిటర్‌లోకి తిరిగి వెళ్లేవారు. "అన్‌డిఫైన్డ్ (విలువ లేనిది) నుంచి ఏమీ చదవలేను" అని చెబుతూ, వరుస సంఖ్యతో సహా చూపించే సందేశం ఏడుసార్లు తెరమీదికి వచ్చింది. ఏడుసార్లూ రెండు క్షణాల్లోపే పోయింది. ఆ తర్వాత ఆమె సమాన గుర్తుల సంఖ్య మార్చేవారు, కుండలీకరణాలు చేర్చేవారు, తీసేసేవారు. పద్ధతి లేకుండా చేస్తున్నారని చూడగానే అనిపిస్తుంది. నిజానికి పద్ధతి ఉంది: ఏదో ఒక కలయిక పనిచేస్తుంది, అది దొరికేదాకా ప్రయత్నించాలి. నాలుగు వారాలపాటు మా అసైన్‌మెంట్లు ఆ పద్ధతికే మార్కులిచ్చాయి.

నలభై నిమిషాలయ్యాక, ఆరు వరుసల ప్రోగ్రామ్ ఒకటి కాగితం మీద రాసి, నడపకుండా, ప్రతి వరుస తర్వాత ఏ వేరియబుల్‌లో (విలువను దాచుకునే పేరులో) ఏముంటుందో చెప్పమన్నాను. ఆమె చాలాసేపు ఆలోచించి అన్నారు: "నన్ను ఇది ఎప్పుడూ ఎవరూ అడగలేదండీ. నడిపితే తెలుస్తుంది కదా అనుకున్నాను."

ఆ కాగితంతో మరో గంట మాట్లాడాక మూడు అపోహలు బయటపడ్డాయి. ఫంక్షన్ ఒక విలువను రిటర్న్ చేయడమూ (తనను పిలిచిన కోడ్‌కు తిరిగి అందించడమూ), దాన్ని తెరమీద ముద్రించడమూ ఒకటేననుకున్నారు. అందుకే ఒక ఫంక్షన్ ఫలితాన్ని మరో ఫంక్షన్‌కు అందించాల్సిన చోటల్లా ఆగిపోయేవారు. ఒక అర్రేను (విలువల జాబితాను) మరో పేరుకు కేటాయిస్తే దానికి నకలు తయారవుతుందనుకున్నారు. జావాస్క్రిప్ట్‌లో రెండు పేర్లూ ఒకే అర్రేను చూపిస్తాయి కాబట్టి, ఒక పేరుతో చేర్చింది రెండో పేరుతో చూసినా కనబడుతుంది. అన్నిటికంటే లోతైన అపోహ లూప్ గురించినది. లూప్ అంటే జాబితా మొత్తానికీ ఒకేసారి జరిగే పని అని ఆమె భావన. ఒక్కో అంశం దగ్గర ఆగి, అప్పటివరకు పోగైన మొత్తానికి ఒకటి కలిపి, తర్వాతి అంశానికి వెళ్తుందన్న చిత్రం ఆమె మనసులో లేదు. అది లేనప్పుడు, కొనుగోలుదారుల ఖర్చు మొత్తాలను పోగుచేసే ఫంక్షన్‌ను ఖాళీ ఫైలులో మొదలుపెట్టడం ఎలా సాధ్యం?

కంప్యూటర్ కోడ్‌ను ఎలా నడుపుతుందన్న ఊహాచిత్రాన్ని ప్రోగ్రామింగ్ బోధన గురించి రాసేవారు నోషనల్ మెషీన్ అంటారు. ఆ పదం నాకు ముందే తెలుసు. పెద్దవారు, పని అనుభవం ఉన్నవారు, నడిచే కోడ్ ఇచ్చేవారు ఆ చిత్రాన్ని వాళ్లే కట్టుకుని ఉంటారని అనుకోవడం నా పొరపాటు.

ఆపాలా, కొనసాగించాలా

ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం ఇక్కడ వచ్చింది. బ్యాచ్ తొమ్మిదో వారంలోకి వెళ్తోంది. ఆమెను బ్యాచ్‌తోనే ఉంచి పక్కన విడిగా నేర్పవచ్చు, లేదా ఆపి తర్వాతి బ్యాచ్‌లో కలపవచ్చు.

కొనసాగించాలనడానికి బలమైన కారణాలున్నాయి. ఆమె దగ్గరున్న డబ్బు కొన్ని నెలలకే సరిపోతుంది. ఎనిమిది వారాలు వెనక్కి వెళ్లడమంటే ఉద్యోగ వేటకు మిగిలే సమయం అంతమేరకు తగ్గడం. తోటివారితో ఏర్పడిన చెలిమి తెగుతుంది. వెనక్కి పంపారన్న మాట మనసులో మిగిలిపోతుంది. కొనసాగించకూడదనడానికి నా దగ్గరున్న కారణం ఒక్కటే, కానీ అది మిగతావాటికంటే బరువైంది: రాబోయేది రియాక్ట్. అక్కడ ఫంక్షన్ రిటర్న్ చేసినదే తెరమీద కనబడేది; స్టేట్‌లో (పేజీ గుర్తుంచుకునే డేటాలో) ఉన్న అర్రేను నేరుగా మార్చకుండా కొత్త అర్రే ఇవ్వాలి. ఆమెకున్న మూడు అపోహల్లో రెండింటి మీద ఆ రెండు వారాల పాఠం మొత్తం నిలబడి ఉంది. కొనసాగిస్తే ఆమె మళ్లీ నకలు మార్చి నడిపించే పద్ధతిలోకే వెళ్తారు, ఈసారి అర్థం చేసుకోవలసిన పొరలు మరిన్ని ఉంటాయి.

ఈ వాదన రెండు వైపులా ఆమె ముందు పెట్టాను. నిర్ణయం ఆమెదేనని చెప్పి, నా సలహా ఆపమనేనని కూడా చెప్పాను; సలహా అడిగినవారికి రెండు వైపులా చెప్పి ఊరుకోవడం తప్పించుకోవడమే అవుతుంది. కొత్త బ్యాచ్ ఆ వారమే మొదలవుతోంది. వారి మొదటి మూడు వారాల తరగతులకు ఆమె వెళ్లకుండా, రోజుకో గంట నాతో కూర్చుని, నాలుగో వారం నుంచి ఆ బ్యాచ్‌లో కలవాలన్నది ప్రణాళిక. అదనపు రుసుము లేకుండా చూడమని నిర్వాహకులను అడిగాను, వారు ఒప్పుకున్నారు. ఆమె రెండు రోజులు ఆలోచించుకుని సరేనన్నారు.

ఫలించినది

మొదటి వారం కంప్యూటర్ దాదాపు ముట్టుకోలేదు. చిన్న ప్రోగ్రామ్‌లు కాగితం మీద ఇచ్చి, పక్కన గళ్లు గీసి, ఒక్కో వరుస నడిచాక ఒక్కో వేరియబుల్ విలువ ఎంతో రాయించాను. దీన్ని ట్రేస్ టేబుల్ అంటారు. పాత పద్ధతే, కొత్తదేమీ కాదు. మొదటి రెండు రోజులు ఆమెకు అది శిక్షలా అనిపించిందని తర్వాత చెప్పారు. మూడో రోజు, ఒక లూప్‌లో మొత్తం ఎలా పెరుగుతోందో గళ్లలో రాస్తూ, పెన్ను ఆపి నా వైపు తిరిగారు.

"ఇది స్టాకు రిజిస్టరే కదండీ. ప్రతి వరుసా ఒక లావాదేవీ. ముందటి నిల్వ, వచ్చింది, పోయింది, ముగింపు నిల్వ."

ఆ మాటతో కేసు తిరిగింది. ఎనిమిదేళ్లు ఆమె చేసిన పని అదే: ప్రతి లావాదేవీ తర్వాత నిల్వ ఎంతో చూడడం, ఎక్కడ తప్పిందో వెనక్కి నడిచి పట్టుకోవడం. డీబగ్గింగ్, అంటే కోడ్‌లో తప్పు ఎక్కడుందో వెతికి సరిదిద్దడం, కూడా అదే. అలాంటి వ్యక్తికి ఎనిమిది వారాలపాటు కలయికలు మార్చి చూడడం నేర్పాం. ప్రవేశ సంభాషణలో నేను రాసుకుని వదిలేసిన వివరం ఆమె దగ్గరున్న అతి పెద్ద బలమని అప్పుడు గ్రహించాను. ఆ రోజు నుంచి నా పోలికలు మానేసి ఆమె పోలికలు వాడాను. రిటర్న్ అంటే గిడ్డంగి నుంచి సరుకు బయటకు అందించడం. ముద్రించడమంటే కిటికీలోంచి సరుకును చూపించడం. ఒకే అర్రేకు రెండు పేర్లంటే ఒకే అరకు రెండు చీటీలు అంటించడం. పోలికలు కొంతదూరమే వస్తాయని ఆమెకు ముందే చెప్పాను.

రెండో వారం నుంచి కంప్యూటర్ దగ్గరకు వచ్చాం, కానీ నాలుగు షరతులతో. నడపడానికి ముందు ఏం వస్తుందో కాగితం మీద రాయాలి. ఊహ తప్పితే కోడ్ మార్చడం కంటే ముందు ఊహ ఎందుకు తప్పిందో ఒక వాక్యంలో రాయాలి. ఎర్రర్ సందేశాన్ని పైకి చదివి, ఏ ఫైలు, ఏ వరుస, ఏం లేదంటోంది అన్న మూడు విషయాలు చెప్పాకే ఎడిటర్‌లోకి వెళ్లాలి. సూచనల సాధనం ఆపివేయాలి. ఈ నాలుగో షరతు గురించి నా సహోద్యోగులు కొందరు ఒప్పుకోలేదు. ఉద్యోగంలో అందరూ వాడే సాధనాన్ని శిక్షణలో ఎందుకు ఆపాలన్నది వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. సూచన సరైనదో కాదో తేల్చుకోగలవారికి ఆ సాధనం సాయపడుతుందని, ఆ తేల్చుకోగలగడాన్నే మేమిప్పుడు కడుతున్నామని నా సమాధానం. ఆరు వారాల తర్వాత ఆమె దాన్ని మళ్లీ వాడారు, అప్పటికి అది ఇచ్చిన సూచనల్లో తప్పులు పట్టుకునే స్థితికి వచ్చారు.

ఖాళీ ఫైలు సమస్యకు నేరుగా పనికొచ్చినవి పార్సన్స్ సమస్యలు. 2006లో పార్సన్స్, హేడెన్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో సరైన ప్రోగ్రామ్‌లోని వరుసలను కలగలిపి ఇస్తారు, అభ్యర్థి వాటిని సరైన క్రమంలో పేర్చాలి. ఏం రాయాలన్న భారం ఉండదు, ఏది ముందు ఏది తర్వాత అన్న ఆలోచన ఒక్కటే మిగులుతుంది. కొన్ని రోజుల తర్వాత ఒక వరుస తీసేసి ఇచ్చాను, తర్వాత మూడు, తర్వాత సగం. మూడో వారం చివర ఐదో వారం పరీక్ష ప్రశ్ననే ఖాళీ ఫైలుతో ఇచ్చాను. ముందు కాగితం మీద గళ్లు గీశారు, ఆ తర్వాత ఫంక్షన్ రాశారు. 25 నిమిషాలు పట్టింది.

అన్నీ ఇలా లొంగలేదు. సర్వర్ నుంచి డేటా తెచ్చే అసింక్రనస్ కోడ్ దగ్గర రిజిస్టర్ పోలిక విరిగిపోయింది, ఎందుకంటే అక్కడ వరుసలు రాసిన క్రమంలో నడవవు. గళ్ల పక్కన "వేచి ఉన్న పనులు" అని మరో నిలువు గడి చేర్చాను. మొదలుపెట్టి పక్కన ఉంచిన ప్రతి పనీ అందులోకి వెళ్తుంది, ఉన్న కోడ్ అంతా అయ్యాకే అందులోంచి బయటకొస్తుంది. అలాంటి కోడ్ వెంటనే చేతికిచ్చే ప్రామిస్ అంటే సరుకు కాదని, సరుకు వస్తుందన్న రసీదని చెప్పాను. అయినా బ్యాచ్‌లో కలిశాక మరో రెండు వారాలు ఆమె రసీదును విప్పి సరుకు కోసం వెతికారు. నిజం చెప్పాలంటే ఈ భాగాన్ని ఇంతకంటే బాగా నేర్పే పద్ధతి నాకింకా దొరకలేదు.

ఉద్యోగ వేట

శిక్షణ ముగిశాక మరో పొరపాటు జరిగింది, ఇది నాది కొంత, మా పాఠ్యక్రమానిది కొంత. ఆమె రెజ్యూమెలో చేయవలసిన పనుల జాబితా, వాతావరణం చూపే పేజీ, సినిమాలు వెతికే పేజీ ఉన్నాయి. బూట్‌క్యాంప్ ముగించిన ప్రతి ఒక్కరి రెజ్యూమెలోనూ ఇవే ఉంటాయి. ఏడు వారాలు దరఖాస్తులు పంపారు. ఒకే ఒక్క ఇంటర్వ్యూ వచ్చింది, అందులో ఈ ప్రాజెక్టులో మీరు ఎదుర్కొన్న కష్టం ఏమిటని అడిగితే చెప్పడానికి ఏమీ లేకపోయింది. పాఠంలో ఉన్నది ఉన్నట్టు కట్టినదానిలో కష్టాలన్నీ పాఠం రాసినవారే ముందే తీర్చేసి ఉంటారు.

దరఖాస్తులు ఆపి నెల రోజులు ఒకే ఒక్క పని చేయమన్నాను: పాత ఉద్యోగంలో ఆమె చేత్తో చేసిన పనికి పనికొచ్చే సాధనం కట్టమన్నాను. డబ్బు తరుగుతున్నప్పుడు దరఖాస్తులు ఆపమనడం తేలికగా చెప్పే మాట కాదు. కానీ ఏడు వారాల ఫలితం చూశాక, అదే రెజ్యూమెతో మరో నెల పంపినా అవకాశం పెరుగుతుందని నమ్మడానికి ఆధారం కనబడలేదు.

ఆమె రెండు జాబితాలను, పుస్తక నిల్వను, లెక్కపెట్టిన నిల్వను తీసుకుని తేడాలు చూపే సాధనం కట్టారు. అసలైన కష్టాలు వాటంతట అవే వచ్చాయి. సరుకు సంఖ్యలను క్రమంలో పెడితే 1, 10, 9 అని వచ్చింది. జావాస్క్రిప్ట్ సార్ట్, పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే, సంఖ్యలను అక్షరాలుగా మార్చి పోలుస్తుందని ఆమే వెతికి తెలుసుకున్నారు. విలువలు కూడితే 0.1 + 0.2 దగ్గర 0.30000000000000004 వచ్చింది, డబ్బును అతి చిన్న నాణెంలో పూర్ణాంకంగా నిల్వచేయడం అక్కడ నేర్చుకున్నారు. మొదట ఒక జాబితాలోని ప్రతి అంశాన్నీ రెండో జాబితాలోని అన్నిటితో పోల్చారు. ఒక్కో జాబితాలో 5,000 అంశాలుంటే అది 2.5 కోట్ల పోలికల దాకా వెళ్తుంది. పేరు చెబితే విలువను నేరుగా అందించే మ్యాప్ వాడాక దాదాపు 10,000 అడుగుల్లో ముగిసింది. ఒకే సరుకు రెండు పేర్లతో నమోదైనప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు ఆమె రాసిన పరిష్కారం నాకు తట్టేది కాదు, ఎందుకంటే అది కోడ్ కంటే ముందు గిడ్డంగి తెలిసినవారికే తట్టే సంగతి.

ఆ సాధనంతో పంపిన దరఖాస్తుల్లో మూడింటికి పిలుపు వచ్చింది. సరుకు నిర్వహణ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక బృందం, డెవలపర్‌గా కాకుండా ఆటోమేటెడ్ టెస్టులు (సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేస్తోందో తనంతట తానే పరీక్షించే కోడ్) రాసే ఉద్యోగం ఇస్తామంది. ఇది కోరుకున్నది కాదని ఆమె తటపటాయించారు. ఆ ఉద్యోగంలో రోజూ పెద్ద కోడ్‌బేస్ చదవాల్సి ఉంటుందా, డెవలపర్లు ఆమె రాసింది సమీక్షిస్తారా, ఆ బృందంలో టెస్టుల నుంచి డెవలప్‌మెంట్‌లోకి మారినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగి తెలుసుకోమన్నాను. మూడింటికీ అవునని జవాబు వచ్చాక ఒప్పుకోమని చెప్పాను. 11 నెలల తర్వాత ఆమె అదే బృందంలో డెవలపర్ అయ్యారు.

ఈ కేసు తర్వాత మారినవి

మొదటి వారం మూడో రోజునే ఇప్పుడు ప్రతి అభ్యర్థికీ ఆరు వరుసల కాగితం ఇస్తున్నాం, కంప్యూటర్ లేకుండా. ఖాళీ ఫైలు పరీక్షను రెండో వారానికి మార్చాం. చిన్నదే, మార్కులు లేనిదే. ఎవరైనా ఆగిపోతే అదనపు లెక్కలు ఇవ్వడానికి ముందు మెంటర్ మౌనంగా పక్కన కూర్చుని చూడాలన్నది నియమంగా పెట్టుకున్నాం. జంట పనిలో, వారానికోసారి ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి తమ కోడ్‌లో ఒక ఫంక్షన్‌ను వరుస వరుసగా వివరించమంటున్నాం. ప్రవేశ సంభాషణలో పూర్వవృత్తి గురించి ఇప్పుడు అరగంట మాట్లాడతాను. రోజూ ఏం చేసేవారు, తప్పు జరిగితే ఎలా తెలిసేది, ఎవరు పట్టుకునేవారు అని అడుగుతాను.

ఒక్క కేసు నుంచి ఎంతవరకు చెప్పవచ్చో కూడా రాయాలి. ఆమె మెరుగుదలకు గళ్ల కాగితం కారణమో, రోజూ ఒక మనిషి గంటసేపు పక్కన కూర్చోవడం కారణమో విడదీసి చెప్పలేను. ఈ కేసు తర్వాతి బ్యాచ్‌లో ఇలాగే ఆగిపోయిన మరొకరికి నేను ఆలోచించకుండా గళ్ల కాగితమే ఇచ్చాను. ఆయన ఒక్క తప్పూ లేకుండా నింపారు. కోడ్ ఎలా నడుస్తుందో ఆయనకు బాగానే తెలుసు. పెద్ద ప్రశ్నను చిన్న ప్రశ్నలుగా విడగొట్టడం దగ్గర ఆగిపోయారు. ఆయనకు ఒక వారం వృథా చేశాను. ఇప్పుడు మొదట ఊహ అడుగుతాను. అది సరిగా వస్తే, కోడ్ మాట ఎత్తకుండా, ఈ పనిని కొత్తగా చేరిన సహాయకుడికి అప్పగిస్తే ఏ క్రమంలో ఏం చేయమని చెబుతారో మాటల్లో చెప్పమంటాను. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మొదలుపెడతాను.